కృత్రిమ మూత్రపిండమూ, దూరప్రయాణమూ

అస్సాములోని డిబ్రూగఢ్ నుండి కన్యాకుమారికి పోవు వివేక్ ఎక్స్‌ప్రెస్ మన దేశపు రైళ్లన్నిటిలో అత్యధిక దూరము నడచునది. 2011లో ప్రారంభమైన ఈ రైలు సుమారు 4,200 కిలోమీటర్ల దారిని డెబ్బది గంటలకు పైబడిన కాలములో దాటును. విజయనగరము, విశాఖపట్నము, రాజమహేంద్రవరము, విజయవాడ స్టేషన్లు దాని దారిలోనివే. ఆరోగ్యవంతుడైన ప్రయాణికునికి ఈ మూడు దినములు కొంత విసుగు కలిగించునే గాని వేరు హాని చేయవు. మూత్రపిండములు పూర్తిగా చెడిపోయిన మనిషికి మాత్రము ఇది ప్రాణముతో ముడివడిన లెక్క.

ఆ లెక్క ఎట్టిదో చూతము. అట్టివారికి సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగు గంటల చొప్పున, యంత్రముతో రక్తమును శుద్ధి చేయుదురు. దీనినే డయాలిసిస్ అందురు. సోమ, బుధ, శుక్రవారములలో ఉదయము 8 గంటలకు చికిత్స ఆరంభమై 12 గంటలకు ముగియుననుకొందము. సోమవారమునకు బుధవారమునకు నడుమ 44 గంటల ఎడము. బుధ, శుక్రవారముల నడుమ కూడ అంతే. శుక్రవారము మధ్యాహ్నము నుండి సోమవారము ఉదయము వరకు 68 గంటలు. వారములో ఇంతకు మించిన విరామము లేదు. రైలు కోరునది డెబ్బది గంటలకు పైన. శరీరము ఇయ్యగలది అరువది ఎనిమిది. చికిత్స ముగిసిన నిమిషముననే రైలెక్కినను, దిగిన నిమిషముననే మరల యంత్రము వద్ద కూర్చున్నను లెక్క కుదురదు.

ఆ 68 గంటలైనను నిరపాయమైనవి కావు. అమెరికాలో 32,065 మంది రోగుల వివరములను పరిశీలించిన వైద్యులు 2011లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, వారములోని ఈ పెద్ద విరామము ముగియు దినముననే మరణములు, గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరుటలు ఇతర దినములకంటె ఎక్కువగా కనిపించినవి. కావున ఈ గడువును పొడిగించుట ఎవరి ఇష్టముపైనను ఆధారపడి లేదు.

యంత్రము ప్రాణమును నిలిపినది. దానితో పాటు మనిషిని ఒక చోట కట్టివేసినది. ఈ కట్టు ఎట్లు పడినది, కాలక్రమమున ఎట్లు వదులైనది, నేడు దూరప్రయాణము చేయదలచిన రోగికి ఎంతవరకు వీలు కలిగినది అను విషయములను ఈ వ్యాసములో తెలిసికొందము.

మూత్రపిండములు చేయు పని

నడుముపైన, వెన్నెముకకు ఇరువైపుల, చిక్కుడు గింజ ఆకారములో ఉండు రెండు అవయవములే మూత్రపిండములు. ఒక్కొక్క దానిలో సుమారు పది లక్షల వడపోత గొట్టములు కలవు. రెండును కలసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడకట్టును. అందులో దాదాపు అంతయు తిరిగి రక్తములోనికే పోయి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెలికి వచ్చును. మాంసకృత్తులు శరీరములో విచ్ఛిన్నమైనపుడు పుట్టు యూరియా మొదలగు వ్యర్థములు ఈ మూత్రముతోనే బయటికి పోవును. ఎక్కువైన నీరు, ఉప్పు, పొటాషియం కూడ ఈ దారినే పోవలెను.

ఈ పని విరామము లేకుండ రేయింబవళ్లు సాగును. మనము నిద్రించుచున్నను, రైలులో కూర్చున్నను ఆగదు. యంత్రమో, వారములోని 168 గంటలలో 12 గంటలు మాత్రమే పనిచేయును. మిగిలిన 156 గంటలలో త్రాగిన నీరు, తిన్న ఉప్పు, పుట్టిన వ్యర్థము శరీరములోనే నిలువ ఉండును. నీరు ఎక్కువైనచో ఊపిరితిత్తులలో చేరి ఆయాసము కలుగును. పొటాషియం ఎక్కువైనచో గుండె కొట్టుకొను లయ తప్పి, అకస్మాత్తుగా ఆగిపోవచ్చును. రోగి ప్రయాణములో భయపడవలసినవి ముఖ్యముగా ఈ రెండే.

ఒక పేరు, ఒక ప్రయోగము

డయాలిసిస్ అను మాట ఆసుపత్రిలో పుట్టలేదు, రసాయనశాలలో పుట్టినది. స్కాట్లండు దేశీయుడైన థామస్ గ్రాహాము 1861లో ఈ పేరు పెట్టెను. ఆయన చక్కెరను, తుమ్మజిగురు వంటి జిగురును నీటిలో కలిపి, ఆ ద్రవమును కాగితపు పొర అడుగుగా గల పళ్లెములో పోసి, ఆ పళ్లెమును మంచినీటి తొట్టిలో ఉంచెను. ఒక దినము గడచునప్పటికి చక్కెరలో ఎక్కువ భాగము పొరను దాటి తొట్టి నీటిలోనికి వచ్చినది. జిగురు పళ్లెములోనే నిలిచినది. చిన్న అణువులు పొరను దాటును, పెద్దవి దాటలేవు. దాటునవి కూడ చిక్కదనము ఎక్కువైన వైపునుండి తక్కువైన వైపునకే విసరణము చెందును. కృత్రిమ మూత్రపిండమునకు మూలసూత్రము ఇదే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ప్రయోగశాలలకు దొరకు సెల్లోఫేన్ గొట్టములో గంజిని, ఉప్పునీటిని కలిపి పోసి, రెండు కొనలు బిగించి, శుద్ధమైన నీరు గల బీకరులో గంటసేపు ఉంచవలెను. తరువాత బీకరులోని నీటిని కొంచెము తీసి వెండి నైట్రేటు ద్రావణము కలిపినచో తెల్లని అవక్షేపము ఏర్పడును. అనగా ఉప్పు బయటికి వచ్చినది. మరికొంత నీటిలో అయొడిను చుక్కలు వేసినచో నీలిరంగు రాదు. అనగా గంజి లోపలనే ఉన్నది. గంజికి బదులు రక్తములోని కణములను, మాంసకృత్తులను, ఉప్పునకు బదులు యూరియాను ఊహించుకొన్నచో యంత్రము చేయు పని బోధపడును.

జలగల నుండి హెపారిన్ వరకు

ఈ సూత్రమును బ్రతికి ఉన్న జంతువు రక్తమునకు మొదట అన్వయించినవారు అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో పనిచేసిన జాన్ ఏబెల్, ఆయన సహచరులు. 1913లో వారు కొలోడియను జాతి పదార్థముతో చేసిన సన్నని గొట్టముల గుండ జంతువు రక్తమును ప్రవహింపజేసిరి. శరీరము వెలుపలికి వచ్చిన రక్తము గడ్డకట్టును గదా. దానిని ఆపుటకు వారు జలగల నుండి తీసిన హిరుడిన్ అను పదార్థమును వాడిరి. అది శుద్ధముగా దొరకుట కష్టము.

1924లో జర్మనీలోని గీసెను పట్టణమున జార్జి హాస్ అను వైద్యుడు మొదటిసారిగా మనిషికి డయాలిసిస్ చేసెను. అది పదునైదు నిమిషములే సాగినది. రోగిని బ్రతికించుటకు ఆ కాలము చాలదు గాని, మనిషి దీనిని తట్టుకొనగలడని తేలినది. రక్తమును గడ్డకట్టనీయని హెపారిన్ అను పదార్థమును 1916లో బాల్టిమోరులోనే జే మెక్లీన్ అను విద్యార్థి గుర్తించి ఉండెను. అది శుద్ధమైన రూపములో దొరకు నాటికి 1930ల కాలము వచ్చినది. పొర ఉన్నది, మందు ఉన్నది. ఇక కావలసినది చాలినంత పెద్ద యంత్రము.

యుద్ధకాలములో పుట్టిన యంత్రము

ఆ యంత్రమును నిర్మించినవాడు హాలండు దేశీయుడు విలెం కోల్ఫ్. 1938లో గ్రోనింగెను ఆసుపత్రిలో యువవైద్యుడుగా ఉండగా, మూత్రపిండములు చెడిన ఒక యువకుడు తన కళ్లెదుటనే మరణించుట చూచి, దినమునకు కొద్ది గ్రాముల యూరియాను రక్తమునుండి తీయగలిగినచో అతడు బ్రతికియుండునే అని ఆలోచించెను. 1940లో జర్మను సైన్యము హాలండును ఆక్రమించినది. కోల్ఫ్ కాంపెను అను చిన్న ఊరికి పోయి అచటి ఆసుపత్రిలో పని మొదలుపెట్టెను. సామగ్రి దొరకని కాలమది. మాంసపు సాసేజిలకు తొడుగుగా వాడు సెల్లోఫేన్ గొట్టమును ఒక చెక్క పీపాకు చుట్టి, ఆ పీపాను ఉప్పునీటి తొట్టిలో గిరగిర త్రిప్పునట్లు అమర్చెను. రోగి రక్తము ఆ గొట్టములో ప్రవహించుచుండును. వ్యర్థములు తొట్టి నీటిలోనికి జారిపోవుచుండును.

1943 మార్చిలో మొదటి రోగికి ఈ యంత్రమును ఉపయోగించెను. ఆ రోగియు, తరువాతి వారిలో దాదాపు అందరును మరణించిరి. కోల్ఫ్ విడువలేదు. 1945 సెప్టెంబరులో స్పృహ తప్పియున్న 67 ఏండ్ల వృద్ధురాలికి పదునొకండు గంటల సేపు డయాలిసిస్ చేయగా ఆమె కన్నులు తెరచినది. ఆమె మూత్రపిండములు మరల పనిచేసి, మరికొన్ని సంవత్సరములు జీవించినది. కోల్ఫ్ తన యంత్రములను యుద్ధానంతరము ఇతర దేశముల ఆసుపత్రులకు ఉచితముగా పంపెను.

ఇచట ఒక విషయము గమనింపవలెను. ఆ వృద్ధురాలి మూత్రపిండములు తాత్కాలికముగానే పనిమానినవి. శాశ్వతముగా చెడినవారికి ఈ యంత్రము పనికిరాలేదు. కారణము యంత్రములో లేదు, రక్తనాళములలో ఉన్నది. ప్రతిమారును ఒక ధమనిని, ఒక సిరను కోసి గొట్టములు అమర్చవలెను. ఒకసారి వాడిన నాళము మరల పనికిరాదు. కొన్ని మారులు అగునప్పటికి కోయుటకు నాళములే మిగులవు. 1960 వరకు ఇదే స్థితి.

సియాటిల్ నగరపు వంకర గొట్టము

అమెరికాలోని సియాటిల్ నగరమున వాషింగ్టను విశ్వవిద్యాలయ వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్ ఈ చిక్కును విడదీసెను. టెఫ్లాన్ అను ప్లాస్టిక్కునకు ఏదియు అంటుకొనదు. ముంజేతి ధమనిలో ఒకటి, సిరలో ఒకటి టెఫ్లాన్ గొట్టములను శాశ్వతముగా అమర్చి, చికిత్స లేని వేళల ఆ రెంటిని చర్మముపైన ఒక వంకర గొట్టముతో కలిపి ఉంచిరి. రక్తము ఆగక ప్రవహించుచుండుటచే గడ్డకట్టదు. చికిత్స సమయమున వంకర గొట్టమును తీసి యంత్రమునకు కలుపుదురు. ఈ పరికరమును వేన్ క్వింటన్ అను ఇంజనీరు రూపొందించెను. 1960 మార్చి 9న క్లైడ్ షీల్డ్స్ అను యంత్రకార్మికుని చేతికి దీనిని అమర్చిరి. అంతకుముందు అట్టివారికి వారములు మాత్రమే ఆయుర్దాయము. షీల్డ్స్ పదునొకండేండ్లు జీవించి 1971లో మరణించెను.

దీర్ఘకాలపు జీవితము సాధ్యమైనది. కట్టు కూడ ఆనాటినుండియే మొదలైనది. 1962లో ఆసుపత్రి వెలుపల మొదటి డయాలిసిస్ కేంద్రము సియాటిల్‌లో తెరచిరి. మంచములు మూడే. చికిత్స కోరువారు అనేకులు. ఎవరికి మంచము ఇయ్యవలెనో నిర్ణయించుటకు ఏడుగురు పౌరులతో ఒక సంఘమును ఏర్పరచిరి. రోగి వయస్సు, కుటుంబము, వృత్తి, నివాసము అన్నియు వారు విచారించిరి. 1962 నవంబరులో ఒక ప్రసిద్ధ అమెరికను పత్రిక ఈ సంగతిని ప్రకటింపగా దేశమంతట చర్చ చెలరేగినది. ప్రాణము నిలుపు విద్య చేతికి వచ్చినను, మంచముల సంఖ్య చాలనిచో ఎవరు జీవింపవలెననునది ఒక సంఘము నిర్ణయింపవలసి వచ్చునని లోకమునకు తెలిసినది. ఆ రోజులలో రోగికి దూరప్రయాణమను ఆలోచనయే లేదు. కేంద్రమునకు దగ్గరగా నివసించుటయే బ్రతుకుటకు ఒక షరతు.

కట్టు వదులైన మూడు మెట్లు

మొదటి మెట్టు, ఇంటిలో చికిత్స. 1960ల నడిమి సంవత్సరములలో బోస్టను, లండను, సియాటిల్ నగరముల వైద్యులు రోగికి, అతని కుటుంబమునకు శిక్షణ ఇచ్చి, యంత్రమును ఇంటిలోనే నడుపు పద్ధతిని ప్రారంభించిరి. ఆసుపత్రికి పోవు పని తగ్గినది. యంత్రము మాత్రము గదిలో ఒక మూలను ఆక్రమించుకొన్న పెద్ద బీరువా వంటిది. వెంట తీసికొనిపోవుటకు వీలుకానిది.

రెండవ మెట్టు, చేతిలోని నాళము. న్యూయార్కులో బ్రెషా, సిమినో అను వైద్యులు, అపెల్ అను శస్త్రవైద్యుడు కలసి ముంజేతి ధమనిని పక్కనున్న సిరకు చర్మము క్రిందనే కలిపి కుట్టు పద్ధతిని 1966లో ప్రకటించిరి. దీనిని ఫిస్టులా అందురు. ధమని రక్తపు ఒత్తిడితో సిర లావై గట్టిపడును. దానిలోనికి సూదులు గ్రుచ్చి చికిత్స చేయవచ్చును. చర్మముపైన వ్రేలాడు గొట్టము లేదు. జనసమ్మర్దములో అది ఊడి రక్తము పోవునను భయము లేదు. కిక్కిరిసిన ప్లాట్‌ఫారముపై నడువవలసిన వానికి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు.

మూడవ మెట్టు, యంత్రమే లేని పద్ధతి. మన కడుపులోని ప్రేవులను కప్పియుండు పెరిటోనియం అను పొర కూడ గ్రాహాము కాగితము వలెనే పనిచేయును. 1976లో టెక్సాసులోని ఆస్టిన్ నగరమున పొపొవిచ్ అను ఇంజనీరు, మాన్‌క్రీఫ్ అను వైద్యుడు ఈ పొరను నిరంతరము వాడు పద్ధతిని ప్రతిపాదించిరి. కడుపులో శాశ్వతముగా అమర్చిన మెత్తని గొట్టముగుండ సుమారు రెండు లీటర్ల ద్రవమును లోనికి పంపి, నాలుగైదు గంటలు ఉంచి, తీసివేసి, క్రొత్త ద్రవమును నింపుదురు. దినమునకు నాలుగు మారులు ఇట్లు చేయవలెను. మొదట గాజుసీసాలు వాడిరి. పిమ్మట కెనడాలోని టొరంటో వైద్యులు ప్లాస్టిక్ సంచులను ప్రవేశపెట్టిరి.

ఈ పద్ధతికి విద్యుత్తు అక్కరలేదు, భూమ్యాకర్షణశక్తి చాలును. రైలు పెట్టెలో పైబల్ల కొక్కెమునకు క్రొత్త సంచిని తగిలించి, పాతద్రవము పోవు సంచిని నేలపై ఉంచినచో పని జరుగును. దినమునకు ఎనిమిది లీటర్లనగా, మూడు దినముల ప్రయాణమునకు 24 కిలోగ్రాముల ద్రవము వెంట ఉండవలెను. అంతకంటె ముఖ్యమైనది శుభ్రత. చేతులు బాగుగ కడుగుకొని, ముక్కు నోరు కప్పుకొని, ఫాను ఆపి, కిటికీ మూసి ఈ పని చేయవలెను. సూక్ష్మజీవులు గొట్టముగుండ లోనికి పోయినచో పెరిటోనియం వాచి ప్రమాదము వచ్చును.

యంత్రమును రైలులోనే ఎందుకు పెట్టరాదు?

విద్యార్థులు ఈ ప్రశ్న తప్పక అడుగుదురు. సమాధానము నీటిలో ఉన్నది. యంత్రములో పొరకు ఒకవైపు రక్తము, మరొకవైపు ద్రావణము ప్రవహించును. ద్రావణము నిమిషమునకు 500 మిల్లీలీటర్లు కావలెను. నాలుగు గంటలకు లెక్కించిన 120 లీటర్లు. ఇది మనము త్రాగు నీటికంటె మిక్కిలి శుద్ధమైనదిగా ఉండవలెను. మనము త్రాగు నీటిలోని కొద్దిపాటి మలినమును మన ప్రేవులు, మూత్రపిండములు అడ్డగించును. యంత్రములో రక్తమునకు నీటికి నడుమ ఉన్నది పలుచని పొర మాత్రమే. 1970లలో కొన్ని దేశములలో నీటిలోని అల్యూమినియం ఈ విధముగా రక్తములో చేరి, రోగుల మెదడు దెబ్బతిని, పలువురు మరణించిరి. అప్పటినుండి నీటి శుద్ధిని చికిత్సతో సమానముగ చూచుచున్నారు. ఊగుచు పోవు పెట్టెలో ఇంత నీటిని శుద్ధిచేసి, తెగని విద్యుత్తు నిచ్చి, సూదులు కదలకుండ చూచి, ఆపద కలిగినపుడు వైద్యుని పిలుచుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

చిన్న యంత్రములకై ప్రయత్నములు జరుగకపోలేదు. 21వ శతాబ్దపు తొలి దశాబ్దమున ముప్పది కిలోలకు పైబడిన యంత్రములు అమెరికాలో ఇంటి వాడుకకు వచ్చినవి. వాటిని కారులో వేసికొని పోవువారు ఉన్నారు. నడుమునకు కట్టుకొను మూత్రపిండమును 2014–15లో అదే సియాటిల్ నగరమున కొందరు రోగులపై పరీక్షించిరి. రోగులు దానిని కట్టుకొని నడచిరి. గొట్టములలో బుడగలు ఏర్పడుట మొదలగు చిక్కుల వలన పరీక్షను మధ్యలో నిలిపివేసిరి. ఆశ ఉన్నది, వస్తువు ఇంకను అంగడికి రాలేదు.

దారి పొడవున మంచములు

అయినను నేడు డయాలిసిస్ పొందువారు వేల కిలోమీటర్లు ప్రయాణించుచున్నారు. ఇది ఎట్లు సాధ్యమైనది? యంత్రము రోగి వెంట పోలేదు. రోగి పోవు చోట్లలో యంత్రములు వెలసినవి. అమెరికాలో 1972లో చేసిన చట్టము ప్రకారము, మరుసటి ఏటినుండి దాదాపు రోగులందరి చికిత్సవ్యయమును ప్రభుత్వమే భరింపసాగినది. ఏడుగురి సంఘములకు పని లేకపోయినది. కేంద్రములు ఊరూర పెరిగినవి. ఒక ఊరి రోగి మరొక ఊరి కేంద్రములో అతిథివలె ఒకటి రెండు మారులు చికిత్స పొందు ఆచారము ఏర్పడినది.

మన దేశములో డయాలిసిస్ 1960ల తొలి సంవత్సరములలో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మొదలైనది. మూత్రపిండమును మార్చు శస్త్రచికిత్స కూడ 1971లో అచటనే మొదటిసారి ఫలించినది. వెల్లూరునకు పోవువారు దిగు కాట్పాడి జంక్షను తెలుగు రోగుల కుటుంబములకు చిరపరిచితమైన పేరు. చాలకాలము చికిత్స పెద్ద నగరములలోనే దొరకుటచే, మనవారికి రైలుప్రయాణమనగా విహారము కాదు, చికిత్సకై పోవుటయే.

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము ప్రాంతమును చూడుడు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండు ఈ సీమలో మూత్రపిండముల వ్యాధి అసాధారణముగ వ్యాపించి ఉన్నది. దాని కారణము ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఉద్దానమునకు ముఖ్యమైన స్టేషను పలాస. అచటినుండి విశాఖపట్నము సుమారు 200 కిలోమీటర్లు. వారమునకు మూడు మారులు పోయి రావలసిన రోగికి వారమునకు 1,200 కిలోమీటర్లగును. అనగా నెల తిరుగక మునుపే అతడు డిబ్రూగఢ్ నుండి కన్యాకుమారికి గల దూరమును ప్రయాణించినవాడగును! కూలిపోయి, ఛార్జీలు చెల్లించి, ఇట్లు ఎంతకాలము తిరుగగలడు? దూరమే చికిత్సను మాన్పించును.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము వలన పేదలకు డయాలిసిస్ ఖర్చు చాలవరకు తీరినది. తరువాత పలాస, సోంపేట, కవిటి మొదలగు చోట్లనే యంత్రములు నెలకొన్నవి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ప్రత్యేక ఆసుపత్రిని, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి. దేశమంతటికి వర్తించునట్లు కేంద్రప్రభుత్వము 2016లో జాతీయ డయాలిసిస్ కార్యక్రమమును ప్రకటించి, జిల్లా ఆసుపత్రులలో కేంద్రములను నెలకొల్పుచున్నది. అందు నమోదైన రోగి దేశములో ఏ కేంద్రమునందైనను చికిత్స పొందునట్లు చేయుట దాని ఆశయములలో ఒకటి.

ప్రయాణపు ఏర్పాటు

ఇన్ని సదుపాయములు కలిగినను, రైలు కాలపట్టికను శరీరపు కాలపట్టికతో పోల్చి చూచుకొను బాధ్యత ప్రయాణికునిదే. ఒక ఉదాహరణము తీసికొందము. విశాఖపట్నములోని ఒక తండ్రి, ఢిల్లీలోని కుమార్తె పెండ్లికి పోదలచెను. సోమ, బుధ, శుక్రవారములు ఆయన చికిత్స దినములు. ప్రయాణము 36 గంటలనుకొందము. ఆయన శుక్రవారము చికిత్స పొంది, శనివారము రాత్రి 10 గంటలకు రైలెక్కినచో సోమవారము ఉదయము 10 గంటలకు చేరును. అప్పటికే 70 గంటలు గడచినవి; రైలు ఆలస్యమైనచో ఆపదయే. అట్లు గాక బుధవారము మధ్యాహ్నము చికిత్స ముగించుకొని, ఆ రాత్రి 10 గంటలకే ఎక్కినచో శుక్రవారము ఉదయము 10 గంటలకు దిగును. గడచినది 46 గంటలు. ఆ సాయంకాలమే చికిత్సకు ఏర్పాటు చేసికొన్నను, రైలు ఎంతో ఆలస్యమైనచో శనివారము ఉదయమునకు మార్చుకొనుటకు వ్యవధి ఉన్నది. చికిత్స ముగిసిన దినముననే బయలుదేరుట, పెద్ద విరామమును ప్రయాణమునకు వాడక ఆలస్యములకై అట్టిపెట్టుట – సూత్రము ఇంతే. ఉత్తరాదిన డిసెంబరు, జనవరి నెలలలో పొగమంచు వలన రైళ్లు గంటల తరబడి ఆగును గనుక ఈ సూత్రము మరింత అవసరము. వివేక్ ఎక్స్‌ప్రెస్ వంటి రైలులో కొనవరకు పోవలసినవారు దారిలో ఒక పెద్ద ఊరిలో దిగి, చికిత్స పొంది, వేరు టిక్కెట్టుతో తరువాతి ప్రయాణము సాగింపవలెను.

గమ్యములోని కేంద్రముతో కొన్ని వారముల ముందుగనే మాటలాడవలెను. వారు కోరు పత్రములు సాధారణముగా ఇవి: వైద్యుని లేఖ, చికిత్స తరువాత ఉండవలసిన బరువు, వాడు ద్రావణము, హెపారిన్ మోతాదు, ఫిస్టులా వివరము, ఇటీవలి చికిత్సల నమోదులు, హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. పరీక్షల ఫలితములు. ఈ పరీక్షలు లేనిదే ఏ కేంద్రమును క్రొత్తవారిని యంత్రము వద్దకు రానీయదు. ఒకరి నుండి మరొకరికి వ్యాధి అంటకుండుటకు ఇది అవసరము. మందులు పెట్టెలో అడుగున గాక చేతిసంచిలో ఉండవలెను.

డయాలిసిస్ కొరకు గాని, మూత్రపిండము మార్పించుకొనుటకు గాని పోవు రోగికి, వెంట పోవు ఒకరికి రైల్వేవారు ఛార్జీలో రాయితీ ఇచ్చుచున్నారు. రెండవ తరగతి, స్లీపరు, ఏ.సి. మూడవ తరగతులలో ఇది 75 శాతము, ఏ.సి. మొదటి, రెండవ తరగతులలో 50 శాతము. నిర్ణీత నమూనాలో ఆసుపత్రి వైద్యుడు వ్రాసిన ధ్రువపత్రము చూపవలెను.

ఇక ఆహారము. స్టేషనులో అమ్ము అరటిపండ్లు, బత్తాయి రసము, కొబ్బరినీరు ఇతరులకు మేలు చేయునవి. వీటిలో పొటాషియం మెండుగా ఉండుటచే ఈ రోగికి హాని చేయును. కొబ్బరితోటల నడుమ పుట్టి పెరిగిన ఉద్దానము రైతునకు కొబ్బరినీరు విషమగుట ఎంత బాధాకరమో! ఊరగాయ, మిక్చరు వంటివి ఉప్పు వలన దాహమును పెంచును. దాహము నీటిని త్రాగించును. త్రాగిన ప్రతి లీటరు ఒక కిలో బరువై శరీరములో నిలుచును. ఇంటినుండి తెచ్చుకొన్న ఉప్పు తగ్గించిన ఇడ్లీ, అన్నము మేలు. ఉప్పునకు బదులు అమ్ము కొన్ని లవణములలో పొటాషియం ఉండును గనుక వాటిని ముట్టరాదు. దినమునకు ఎంత నీరు త్రాగవచ్చునో వైద్యుని అడిగి, ఆ కొలతకు సరిపడు సీసాను దగ్గర ఉంచుకొనుట మంచిది.

ఫిస్టులా ఉన్న చేతికి సంచి తగిలించుకొనరాదు; ఆ చేతిని తలక్రింద పెట్టుకొని నిద్రింపరాదు; ఆ చేతికి రక్తపు పోటు చూచు పట్టీ కట్టనీయరాదు. పండుకొన్నపుడు ఊపిరి ఆడకున్నను, కాళ్లు చేతులు అకస్మాత్తుగ నిస్సత్తువగా ఉన్నను, గుండె లయ తప్పినట్లు తోచినను గమ్యము చేరువరకు ఓర్చుకొనరాదు. 139 సంఖ్యకు ఫోను చేసి రైల్వేవారికి తెలిపి, ఆసుపత్రి గల తరువాతి స్టేషనులో దిగవలెను.

విద్యార్థులకు ఒక అభ్యాసము

ఉపాధ్యాయులు తరగతిలో భారతదేశపు పటముపై డిబ్రూగఢ్ నుండి కన్యాకుమారి వరకు వివేక్ ఎక్స్‌ప్రెస్ దారిని గీయించి, రైలు కాలపట్టికను ఇచ్చి, ప్రతి పెద్ద స్టేషనునకు బయలుదేరిన చోటినుండి ఎన్ని గంటలో వ్రాయింపవచ్చును. ఒక రోగి బయలుదేరుటకు పది గంటల ముందు చికిత్స పొందెననుకొని, అతడు ఎచట దిగవలెను, ఎచట దిగినచో రైలు ఆరు గంటలు ఆలస్యమైనను ముప్పు లేదు, ఆ ఊరిలో డయాలిసిస్ కేంద్రము ఉన్నదా అను ప్రశ్నలకు విద్యార్థులే సమాధానములు కనుగొందురు. వారి పటముపై గుర్తుల నడుమ ఎడము ఎక్కువగా కనిపించిన ప్రతి చోట, ఒక క్రొత్త కేంద్రము అవసరమని తెలియును. గ్రాహాము పళ్లెము నుండి పలాస ఆసుపత్రి వరకు సాగిన పని, ఆ ఖాళీలలో ఇంకను మిగిలియున్నది.